ఇంటి ముచ్చట్లు: గిన్నెలో అంబలి

అంబలి కాచడం బళ్లారి ఎండలు ఎరిగినవారెవరికీ కొత్త పని కాదు. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో చేరి, బళ్లారి మైసూరులో చేరినా, అంబలి మాత్రం రెండు వైపులా, రెండు భాషల్లోనూ అదే పేరుతో నిలిచిపోయింది. అంత తెలిసిన అంబలే పోయిన వేసవిలో నన్ను వారం రోజులు ఏడిపించింది.

మా మామగారికి పక్షవాతం వచ్చింది. మాట తిరిగి వచ్చినది గాని మ్రింగడం సరిగా రాలేదు. నీళ్లు త్రాగితే పొలమారేది. పలుచనివి గొంతులో వేగంగా జారి ఊపిరిత్రోవలో పడతాయి, ఈయనకు త్రాగేవన్నీ చిక్కగా ఇవ్వండి అని డాక్టరుగారు చెప్పినారు. (అందరు రోగులకూ ఈ మాట వర్తించదు; మీ డాక్టరు చెబితేనే సుమండీ.) చిక్కనిదంటే రాగి అంబలి కంటే ఏమున్నది అనుకొన్నాను.

మొదటి రోజు పొయ్యిమీద సరిగానే ఉన్నది. ఆయనను లేపి, దిండ్లు సర్ది కూర్చోబెట్టేసరికి గిన్నెలో అది సంగటికి చెల్లెలయి కూర్చున్నది. వేడినీళ్లు పోసి గిరగిర త్రిప్పినాను. పలుచనయింది. రెండు చెంచాలకే దగ్గు వచ్చి ఆయన ముఖం ఎర్రబడిపోయింది. నా చేయి వణికింది.

"పొయ్యిమీద దాన్ని చూసి గిన్నెలో దాన్ని లెక్కగడితే ఎట్లమ్మా?" అన్నారు అత్తగారు.

ఆ మాటలో ఎంత శాస్త్రం ఉన్నదో తరువాత తెలిసింది. చన్నీళ్లలో కలిపిన రాగిపిండి నీళ్లలాగే పారుతుంది. 65–70 డిగ్రీల ప్రాంతంలో పిండిరేణువులు నీరు పీల్చి ఉబ్బి ఒకదానినొకటి ఒరుసుకొంటాయి. వాటిలోనుంచి గొలుసుల వంటి పొడుగాటి అణువులు బయటికి వస్తాయి. వీటినే పాలిమరులంటారు. చల్లారుతున్న కొద్దీ ఈ గొలుసులు ఒకదానినొకటి పట్టుకొంటాయి. అక్కడక్కడ గుంపులుగా ఉన్నంత కాలం అంబలి చిక్కబడుతూనే పారుతుంది. ఆ గుంపులు కలిసి గిన్నె ఈ అంచునుంచి ఆ అంచుదాకా ఒకే వలగా అల్లుకొన్న క్షణాన ఇక పారదు, నిలబడుతుంది. నీళ్లు ఎక్కడికీ పోలేదు, వలలో చిక్కినాయి, అంతే. ఆ క్షణం ఎప్పుడు వస్తుందో 1941లో అమెరికాలో ఫ్లోరీ అనే రసాయన శాస్త్రజ్ఞుడు లెక్కగట్టినాడు. ఆయన లెక్క గట్టిది అణువులు రసాయన బంధంతో శాశ్వతంగా అతుక్కొనే వాటికి; అంబలిలో పట్టు అంత గట్టిది కాదు. అందుకే గరిటతో త్రిప్పితే వల తెగి పలుచనవుతుంది, కాసేపు వదిలితే మళ్లీ కొంత అల్లుకొంటుంది. త్రిప్పిన వెంటనే చూసి "సరిపోయింది" అనుకోవడం నా పొరపాటు.

ఇప్పుడు దీనికి కొలత ఉన్నది. సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజి తీసుకొని, మూతి వేలితో మూసి, 10 గీతదాకా వడగట్టిన అంబలి పోసి, వేలు తీసి 10 సెకండ్లు జారనివ్వాలి. లోపల 1 నుంచి 4 మిల్లీలీటర్లు మిగిలితే స్వల్పంగా చిక్కన. 4 నుంచి 8 అయితే ఒక మాదిరి. 8కి పైన అయితే ఇంకా చిక్కన. ఏ మెట్టు కావాలో డాక్టరు చెప్పాలి. సిరంజీలన్నీ ఒకటి కావు, సున్న నుంచి 10 గీతకు 61.5 మిల్లీమీటర్లు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, త్రాగించే వేడిలోనే కొలవాలి. పొయ్యి దగ్గర కాదు.

ఇంత చేసినా మరొక చిక్కు వచ్చింది. గిన్నె మొదట సరిగా ఉండి, అడుగుకు వచ్చేసరికి పలుచనయ్యేది. చల్లారితే గట్టిపడాలి గదా? దొంగ ఎవరంటే చెంచా! నోటిలో పెట్టిన చెంచానే మళ్లీ గిన్నెలో ముంచుతున్నాను. ఉమ్మిలో పిండిగొలుసులను తుంచే పదార్థమొకటి ఉన్నది. అది వలను కొరికేస్తున్నది. అప్పటినుంచి కొద్దికొద్దిగా చిన్న గిన్నెలోకి వంచుకొని పెడుతున్నాను, పెద్ద గిన్నెలో ఆ చెంచా పడనివ్వడం లేదు.

దగ్గు తగ్గింది. మొన్న మామగారు సగం గిన్నె త్రాగి, అత్తగారి వైపు చూసి, "ఉప్పు తక్కువయింది" అన్నారు.