జైలు కట్టకముందే దిగినవాళ్లు

"పోర్ట్ బ్లెయిర్‌కి ఒక్క పూట చాలు. సాయంత్రం సెల్యులార్ జైలు, లైట్ అండ్ సౌండ్ షో, పొద్దున్నే హావ్‌లాక్ ఫెర్రీ." అండమాన్ ప్రయాణం అనగానే ఖమ్మంలో ఎవరిని అడిగినా ఇదే చెబుతున్నారు. మా మేనల్లుడు తెచ్చి చూపించిన టూర్ కాగితంలో కూడా ఆరు రోజుల్లో ఆ ఊరికి ఇచ్చింది మూడు గంటలే. "మామయ్యా, ఆ ఊళ్లో జైలు తప్ప చూసేదేం లేదంట గదా" అన్నాడు వాడు. పది రోజుల తర్వాత ఒక సభలో ఇంకో మాట విన్నాను. రంప వీరులందరూ సెల్యులార్ జైలు కొట్లలో మగ్గి పోయారని వేదిక మీది పెద్దమనిషి ఆవేశంగా చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. ఈ రెండు మాటలూ తప్పే. రెండో తప్పును నమ్మడం వల్లే మొదటి తప్పు అంత ధీమాగా చెలామణీ అవుతోంది.

ముందు తేదీలు చూద్దాం. సెల్యులార్ జైలు కట్టడం 1896లో మొదలై 1906లో పూర్తయింది. రంప ఫితూరీ 1879 మార్చిలో లేచి, 1880లో అణిగింది. అణచివేశాక ఎందరినో ద్వీపాంతరం పంపారు. ఆ మనుషులు ఓడ దిగేనాటికి ఇప్పుడు మనం టికెట్ కొని చూసే ఆ జైలుకు పునాది రాయి కూడా పడలేదు. వాళ్ల కోసం ఆ కొట్ల ముందు నిలబడి కళ్లు తుడుచుకుంటే, వాళ్లు లేని చోట వాళ్లను వెతికినట్టే.

ఆ సభలోని పెద్దమనిషి పొరబడటానికి కారణం ఉంది. రంప అన్న పేరు రెండు తిరుగుబాట్లకు అంటుకుంది. 1922 నుంచి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నడిపింది రెండోది. ఆయన అనుచరుడు గాము మల్లుదొర శిక్షపడి అండమాన్ వెళ్లిన మాట నిజం. అప్పటికి సెల్యులార్ జైలు ఉంది. ఆయన తిరిగొచ్చి 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు కూడా ఎన్నికయ్యాడు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి కూడా ఆ జైలు చూసినవాడే. వీళ్ల కథ తీసుకెళ్లి నలభై ఏళ్ల ముందటి వాళ్లకు తొడిగితే, ముందటివాళ్ల కథ మొత్తానికే పోతుంది.

ఆ ముందటివాళ్లకూ మనకూ ఏమిటి సంబంధం అనేవాళ్లకు రేకపల్లి గుర్తు చేయాలి. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలిసే చోటుకు ఆనుకుని ఉన్న ప్రాంతం అది. 1959 నుంచి 2014 దాకా ఖమ్మం జిల్లాలోనే ఉంది. పోలవరం ముంపు పేరుతో ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది. 1874 వరకు ఆ సీమ సెంట్రల్ ప్రావిన్సెస్ పాలనలో ఉండేది. పోడు కొట్టుకునేవాళ్లు గొడ్డలికి ఇంత అని పన్ను కట్టేవాళ్లు. మద్రాసు ప్రభుత్వం చేతికి వచ్చాక ఆ పన్ను దాదాపు మూడు రెట్లయింది. కొన్ని అడవుల్లో పోడు కొట్టనే కూడదన్నారు. అవతల రంపలో మున్సబుదారు దోపిడీ, కల్లు గీతమీద చిగురు పన్ను, పోలీసుల జులుం. ఆ మంట 1879 జూలైలో అంబుల్ రెడ్డి వెంట రేకపల్లికి పాకింది. నాయకుల్లో ద్వారబంధాల చంద్రయ్య 1880 ఫిబ్రవరిలో, తమ్మన్నదొర అదే ఏడాది మల్కనగిరి వైపు చనిపోయారు. చిక్కినవాళ్లలో చాలామంది ఓడెక్కారు. గూడెం దాటి గోదావరి దిగువకు కూడా పోని మనిషికి బంగాళాఖాతం దాటడం అంటే ఏమిటో ఊహించడానికి నాకు భయమేస్తుంది.

ఓడ ఆగిన రేవు ఎలాంటిదో చూడాలంటే జైలు గోడ దగ్గర కాదు, నీళ్ల మీద నిలబడాలి. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ ఛాతం దీవిలో మొదటి స్థావరం పెట్టాడు. 1796 నాటికి జ్వరాలకు తాళలేక దీవులను వదిలేశారు. 1857 తిరుగుబాటు తర్వాత 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో మళ్లీ దిగాడు. ఛాతంలో మంచినీళ్లు చాలక మకాం రాస్ దీవికి మార్చారు. దొరల బంగళాలు, చర్చి, రొట్టెల భట్టీ, నాట్యశాల అన్నీ రాస్ మీద వెలిశాయి. సంకెళ్ల ముఠాలను వైపర్ దీవిలో పెట్టారు. అక్కడ జైలు 1860లలోనే కట్టారు, ఉరికంబం కూడా అక్కడిదే. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ మేయోను హోప్‌టౌన్ జెట్టీ దగ్గర పొడిచి చంపిన షేర్ అలీని ఉరి తీసింది ఆ వైపర్‌లోనే. రంప ఖైదీలు దిగింది ఇలాంటి రేవులో. రాస్ మీద అధికారం, వైపర్ మీద సంకెళ్లు, ఛాతంలో కలప, చుట్టూ నరకాల్సిన అడవి. జైలుకు నాలుగు గోడలు అక్కర్లేదు, సముద్రమే గోడ.

ఖైదీలతో చేయించిన పని అడవి నరకడం. వాళ్ల కొండ మీద వాళ్లు గొడ్డలి పట్టినందుకు పన్ను వేసి, తిరగబడితే శిక్ష వేసిన ప్రభుత్వమే, ఆ దీవుల్లో ఖైదీల చేతికి గొడ్డలి ఇచ్చి తన కోసం అడవి కొట్టించింది. ఛాతం రంపపు మిల్లు 1883లో మొదలైంది, రంప ఖైదీలు చేరిన కొద్దేళ్లకే. ఆ మిల్లు ఇప్పటికీ ఉంది. టూర్ కాగితాల్లో దానికి "సమయం ఉంటే" అని రాస్తారు. భద్రాచలం ఏజెన్సీ నుంచి వెళ్లినవాళ్లు అక్కడ పడౌక్ దుంగల పక్కన కాసేపు నిలబడకపోతే, ఇంక ఎక్కడ నిలబడతారు?

మనకు ఈ అలవాటు లేదనడం కూడా సరికాదు. గోల్కొండ వెళ్లిన భద్రాద్రి భక్తులు రామదాసు చెర చూడకుండా తిరిగి రారు. ఒక్క కంచర్ల గోపన్న ఉన్న గది కాబట్టి ఆ చీకటిని పిల్లలకు చూపిస్తాం, కథ చెబుతాం. పేరు తెలియని కొండరెడ్ల కోసం అంతమాత్రం చేయలేమా? వాళ్లకు చూపించడానికి ఒక గది లేదు. ఉన్నది ఒక రేవు. అందుకే రేవంతా చూడాలంటున్నాను.

మణిపూర్‌వాళ్లు ఏం చేశారో చూడండి. 1891 యుద్ధం తర్వాత కులచంద్ర మహారాజును, ఆయన వెంటివాళ్లను అండమాన్ పంపారు. అదీ సెల్యులార్ జైలుకు ముందే. వాళ్లను ఉంచింది మౌంట్ హ్యారియెట్ వైపు. మణిపూర్ వారసులు ఆ కొండను మర్చిపోలేదు. 2021లో దాని పేరు మౌంట్ మణిపూర్ అయింది. జైలుకు ముందటి ఖైదీల జ్ఞాపకానికి ఒక కొండనే సంపాదించుకున్నారు. మనవాళ్లకు ఒక చిన్న రాతిఫలకం కావాలని అడిగే గొంతు కూడా నాకు ఇప్పటిదాకా వినపడలేదు. సెల్యులార్ జైల్లోని చలువరాతి ఫలకాల మీద పేర్లు ఎక్కువగా 1909 తర్వాతివాళ్లవి. వాటిలో పేరు కనపడలేదు కాబట్టి మనవాళ్లు రాలేదనుకోవడం ఇంకో పొరపాటు.

జైలు చూడొద్దని నేననడం లేదు. మూడంతస్తుల ఏడు రెక్కలు, ఒక రెక్క ముందు భాగం ఇంకో రెక్క వీపుకు ఎదురుగా ఉండేలా కట్టడం, ఒక ఖైదీ ముఖం ఇంకో ఖైదీకి కనపడకుండా చేసిన ఆ ఆలోచన ఎంత క్రూరమో అక్కడికి వెళితేనే తెలుస్తుంది. ఇప్పుడు మూడు రెక్కలే మిగిలాయి. 1979లో జాతీయ స్మారకం చేశారు. అయితే దాన్ని చివరి రోజుకు పెట్టుకోండి. ముందు ఛాతం, తర్వాత రాస్, తర్వాత వైపర్, ఆ తర్వాత జైలు. చరిత్ర నడిచిన వరస అదే. జైలు ముందు చూస్తే మిగతావన్నీ ఫొటోల కోసం తిరిగే చోట్లయిపోతాయి. రాస్ మీద జింకలు, నెమళ్లు దగ్గరికి వస్తాయి, గోడలను పెనవేసిన చెట్ల వేళ్లు అందంగా ఉంటాయి. పిల్లలు సంబరపడతారు, పడనివ్వండి.

ఇంకొక దిద్దుబాటు. ఈ టూర్లలో దాదాపు అన్నిటా బారాటాంగ్ ఉంటుంది. అక్కడికి వెళ్లే రోడ్డు జరవా తెగ అడవి గుండా పోతుంది. సున్నపురాయి గుహలు చూపిస్తామంటారు గానీ, దారిలో జరవాలు కనపడతారేమోనన్న ఆశ చాలామంది మాటల్లో దాగదు. 1956 నుంచే ఆ తెగల రక్షణకు చట్టం ఉంది, ఫొటో తీయడం నేరం. పాపికొండల లాంచీల నుంచి కొండరెడ్ల గూడేల మీదికి ఫోన్లు ఎత్తేవాళ్లను చూస్తే మనకు ఒళ్లు మండుతుంది. మనం అక్కడికెళ్లి అదే పని చేయకూడదు. బారాటాంగ్ కొట్టేయండి. ఆ రోజు రేవుకు ఇవ్వండి.

ఒక్క పూట చాలనేవాళ్లు ఆ ఊళ్లో మనుషులను కూడా లెక్కలోకి తీసుకోరు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 13 శాతం దాకా ఉన్నారు. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లిన మత్స్యకారులు, తాపీ పనివాళ్లు ఎక్కువ. జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర పొద్దున నిలబడితే తెలుగులోనే బేరాలు వినపడతాయి. పరాయి దేశమని భయపడే పెద్దవాళ్లను కూడా తీసుకెళ్లవచ్చు.

ఊరి పేరు 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయ పురంగా మార్చారు. టికెట్లలో రెండు పేర్లూ కనిపిస్తే కంగారు పడొద్దు. విమానం హైదరాబాద్ నుంచి ఉంది. నావరకు విశాఖ ఓడే మేలనిపిస్తుంది. దాదాపు 1200 కిలోమీటర్ల నీళ్ల మీద రెండున్నర రోజులు పడుతుంది. ఓడలు తరచుగా ఉండవు కాబట్టి తేదీ చూసుకుని మిగతావి కుదుర్చుకోవాలి. జనవరి నుంచి ఏప్రిల్ లోపు సముద్రం నెమ్మదిగా ఉంటుంది. అక్కడ సాయంత్రం అయిదు దాటగానే పొద్దు గూకుతుంది, తెల్లారడం కూడా త్వరగానే. మధ్యాహ్నం హోటల్లో పడుకుంటే రోజు పోయినట్టే.

మా మేనల్లుడి కాగితాన్ని పక్కన పెట్టి మూడు రోజులు రేవుకు రాయించాను. హావ్‌లాక్ రెండు రోజులుంది, పిల్లలకు అంత ఇసుక చాలు. వైపర్‌కు బోటు అన్ని రోజులూ పోదు, కొన్నిసార్లు దీవిని దూరం నుంచే చూపించి తిప్పేస్తారు. ఆ దీవి మీద దింపే బోటు ఏ రోజున ఉందో ముందు ఫోన్ చేసి కనుక్కొని, దాన్ని బట్టి మిగతా టికెట్లు కొనమన్నాను.