రాయి మాది, పరీక్ష పరాయి ఊళ్లోనా?

ఆదోని, ఎమ్మిగనూరు బండలు కట్టడాలకు కావాలి. ఆ బండలో ఏముందో తేల్చే చదువు మాత్రం సీమకు అక్కర్లేదట! బళ్లారి జిల్లా భూగర్భంపై బ్రూస్ ఫూట్ గ్రంథం 1895లోనే వచ్చింది. ఆదోని అప్పట్లో ఆ జిల్లాలోదే. 1953లో ఆంధ్రలో కలిశాం. 1961లో ఎన్‌జీఆర్‌ఐని హైదరాబాద్‌లో పెట్టారు. 2014లో ఆ హైదరాబాదే పోయింది.

ఇదేమన్నా తీరుబడి చదువా? గ్రానైట్‌లోని యురేనియం నుంచి పుట్టే రాడాన్ వాయువు ఇళ్లలో చేరుతుంది. ఒత్తిడికి నలిగిన క్వార్ట్జ్ ఉన్న కంకర సిమెంటు క్షారంతో చర్య జరిపి, ఏళ్ల తర్వాత కాంక్రీటును పగలగొట్టగలదు. బయోటైట్, అపటైట్ లాంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ బోరునీళ్లలోకి దిగుతుంది. తాగేది మనమే కదా!

కోసిగి కూలీ మిరపకోతకు గుంటూరు బండెక్కుతున్నాడు. జియాలజీ చదివి నెట్ పాసైన అతని కొడుకు హైదరాబాద్ బండెక్కాలా?

కర్నూలులో 2008లో వచ్చిన రాయలసీమ విశ్వవిద్యాలయం ఉంది. 2015 చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధి ఉంది. తాగునీరు, విద్య ఆ నిధి ప్రాధాన్యాలే. ఆ డబ్బుతో ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్ యంత్రం కొని, కట్టడపు రాయి రసాయనంపై పీహెచ్‌డీ సీట్లు, ఫెలోషిప్‌లు ఇవ్వడానికి అడ్డేమిటి? విద్యార్థులారా, ఉద్యోగులారా, కలెక్టర్‌ను లెక్క అడగండి: మన కొండల నుంచి ఆ నిధికి ఎంత చేరింది, ఎక్కడ ఖర్చయింది?