ఎరుపంటే కోపమేనా?

బడి నుంచి వచ్చిన చిన్నోడు బ్యాగు విసిరేసి మూలకు కూర్చుంటాడు. "ఏమైందిరా?" అంటే "ఏం లే" అంటాడు. గట్టిగా అడిగితే ఏడుపు. దాస్తున్నాడని మనకు కోపం. కానీ ఆ వయసులో లోపల ఉన్నదానికి పేరు దొరకదు. సిగ్గు, భయం, అసూయ, బెంగ... అన్నీ కలిసి "కడుపు నొస్తోంది" అనే ఒక్క మాటై బయటికొస్తాయి.

మాట దొరకనప్పుడు రంగు ఇచ్చి చూడండి. ఖరీదైన కలర్ కిట్ అక్కర్లేదు. బంట్వారం, తాండూరు వైపు ఇళ్లలో పరిచిన బండలకన్నా పెద్ద పలక ఏముంటుంది? నాలుగు రంగుల చాక్‌పీసులు ఇచ్చి, ఫోన్ పక్కన పెట్టి, మీరూ కింద కూర్చోండి. నచ్చకపోతే తడిగుడ్డతో తుడిచేయొచ్చు కాబట్టి తప్పు గీస్తామన్న భయం ఉండదు.

గీశాక మాత్రం రంగు చూసి తీర్పు చెప్పకండి. 2015లో వచ్చిన 'ఇన్‌సైడ్ అవుట్' సినిమాలో కోపం ఎర్రగా, బాధ నీలంగా ఉంటాయి. సినిమాకు అది బాగుంది. మీ చెల్లి బొమ్మకు ఆ లెక్క పనికిరాదు. ఎర్ర ముక్కే చేతికి అంది ఉండొచ్చు. మన చేర్యాల నకాషీ పటాల్లో వెనకాలంతా ఎరుపే కదా! అది కోపం కాదు, ఆనవాయితీ.

ఆ పటాల నుంచి ఇంకోటి నేర్చుకోవచ్చు. పొడవాటి గుడ్డ మీద కథను వరుసగా గడుల్లో గీస్తారు. కథకులు ఊళ్లో పటం విప్పి, ఒక్కో బొమ్మా చూపిస్తూ కథ చెప్పేవారు. ఇక్కడ కథకులు మీ ఇంటి పిల్లలే. మీరు వినేవాళ్లు.

బండ మీద మూడు గడులు గీయండి. మొదట ఏం జరిగింది? తర్వాత ఏమైంది? ఇప్పుడేం జరిగితే బాగుంటుంది? "నీ గురించి గీయి" అనకండి. "ఒక మేకపిల్ల ఉందట, బడికి పోనంటోందట, ఎందుకు?" అనండి. 'నాకు భయం' అనలేని పిల్లలు 'మేకపిల్లకు భయం' అని చెప్పగలరు.

అమ్మానాన్న పనికోసం హైదరాబాద్ పోతే నానమ్మ దగ్గర ఉండే పాప, మూడో గడిలో మేకపిల్ల వాళ్లమ్మ బస్సు దిగినట్టు గీసిందనుకోండి. వెంటనే ఓదార్పు మొదలుపెట్టకండి. "అమ్మ వచ్చేదాకా అది ఎవరితో ఆడుకుంటుంది?" అని అడగండి. కథ ముందుకు సాగనివ్వండి.

నిద్ర, తిండి తగ్గిపోయి రోజుల తరబడి దిగులుగా ఉంటే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఎవరో కొడుతున్నారని, ఇబ్బంది పెడుతున్నారని కథలో తెలిస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది. రెండూ ఉచితమే.

చివరగా ఒక మాట. ఆ బొమ్మ ఫొటో తీసి స్టేటస్ పెట్టే ముందు పిల్లల్ని అడగండి. వద్దంటే వద్దు. మీరు నమ్మకస్తులని తెలిస్తేనే రేపు ఇంకో కథ చెబుతారు.