నాలుగు తీగల గిటారు, మూడో పిన్ను



గడచిన మాసంలో ఒక బుధవారం ప్రార్థన కూటమి ముగిసి అందరూ వెళ్లిపోయాక, మా సంఘంలో బేస్ గిటారు వాయించే అబ్బాయి గుడి తలుపు దగ్గరే నిలబడిపోయాడు. "ఏం బాబూ, ఇంటికి వెళ్లలేదేం?" అని అడిగితే జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. అందులో రెండు వస్తువులు రాసి ఉన్నాయి. ఒకటి మూడు వందల వాట్ల బేస్ ఆంప్లిఫయరు. రెండోది అయిదు తీగల గిటారు. పక్కన ధరలు. కింద చిన్న అక్షరాలతో, "స్త్రీల సమాజం వారి డబ్బు ఉన్నది కదా అయ్యగారూ" అని రాశాడు.

స్త్రీల సమాజం డబ్బు ఎలా పోగవుతుందో పల్లె సంఘాల వారికి నేను చెప్పనక్కరలేదు. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక గుప్పెడు బియ్యం తీసి పక్క డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం గుడికి తెస్తారు. అవి అమ్మగా వచ్చిన సొమ్మును రూపాయి రూపాయి కూడబెట్టారు. కూలికి వెళ్లే తల్లులు కూడా అందులో ఉన్నారు. ఆ డబ్బుతో గుడి పైకప్పు రేకులు బాగుచేయించాలని రెండేళ్లుగా అనుకుంటున్నాము.

సంఘ పెద్దల దగ్గర మాట ఎత్తాను. ఒకాయన, "ఇప్పటికే చెవులు దిబ్బెళ్లు పడుతున్నాయండీ, ఇంకా పెద్దది దేనికి?" అన్నారు. పక్కనున్న ఇంకొకాయన, "అసలా గిటారు వినపడితే గదా! అబ్బాయి వాయిస్తున్నాడో ఊరికే పట్టుకొని నిలబడ్డాడో కూడా తెలియదు" అన్నారు. ఇద్దరూ ఒకే వాయిద్యం గురించి మాట్లాడారు, పైగా ఇద్దరు చెప్పిందీ నిజమే. అందుకే ఈ మాసం ఈ పేజీ ఆ వాయిద్యానికే ఇస్తున్నాను.

వేదాంత విద్యకు వెళ్లక ముందు నేనూ ఆరేళ్లు బేస్ గిటారు వాయించాను. ఆదివారం గుడిలో, మిగతా రోజుల్లో పెండ్లి ఆర్కెస్ట్రాలో. పెద్దలు క్షమించాలి, నేను నేర్చుకొన్నది పాటల పుస్తకం దగ్గర కాదు, 1989లో వచ్చిన గీతాంజలి సినిమా క్యాసెట్ దగ్గర. ఇళయరాజా గారి పాటల్లో బేస్ గిటారు పక్కవాద్యంలా అణగి ఉండదు, తనకంటూ ఒక పాట పాడుకుంటూ పోతుంది. క్యాసెట్ వెనక్కి తిప్పి తిప్పి టేపు సాగదీశాను. అప్పట్లో నాకు సొంత ఆంప్లిఫయరు లేదు. ఒక పెండ్లిలో కీబోర్డు సహోదరుడి పెట్టెకే నా గిటారు తగిలించి, వినపడటం లేదని ధ్వని మీట పూర్తిగా తిప్పాను. రెండో పాటకే టప్పుమని స్పీకరు కాగితం చిరిగిపోయింది. ఆ రాత్రి నాకిచ్చిన కూలి, ఆ తర్వాత రెండు పెండ్లిళ్ల కూలి దానికే పోయింది.

ఎందుకు చిరిగిందో చాలా ఏళ్లకు గాని తెలిసింది కాదు. బేస్ గిటారుకు నాలుగు లావుపాటి తీగలు ఉంటాయి. మామూలు గిటారులోని కింది స్థాయి నాలుగు తీగల స్వరాలే, ఇంకొక స్థాయి దిగి పలుకుతాయి. అన్నిటికంటె లావు తీగను వదిలి మీటితే సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. అంత కింది స్వరాన్ని మన చెవి బద్ధకంగా వింటుంది. పిల్లంగోవి స్వరం చెవిని పట్టి లాగుతుంది గాని ఈ స్వరం చెవి దగ్గరికి వచ్చి నిలబడుతుందంతే. దాన్ని వినిపించాలంటే స్పీకరు కాగితం ముందుకూ వెనక్కూ చాలా దూరం కదలాలి, చాలా గాలిని తొయ్యాలి. పాటకో కీబోర్డుకో చేసిన చిన్న స్పీకరు అంత ఊగలేదు. అందుకే బేస్‌కు పెద్ద స్పీకరు, బరువైన పెట్టె, ఎక్కువ వాట్లు కావలసి వచ్చాయి.

ఈ గిటారు పుట్టిందే వినపడని బాధ నుంచి. అమెరికాలో నృత్య బృందాలలో మనిషెత్తు ఫిడేలు లాంటి డబుల్ బేస్ ఉండేది. దాన్ని మోసుకు తిరగడం ఒక శిక్ష, ఇత్తడి బాకాలు మొదలయ్యాక అది వినపడకపోవడం మరో శిక్ష. 1930లలోనే సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ అనే ఆయన కరెంటు బేస్ గిటారు చేశాడు గాని అది వాడుకలోకి రాలేదు. 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ చేసినది నిలబడింది. ఆయన వాద్యగాడు కాదు, రేడియోలు బాగుచేసే మనిషి. గిటారు వాయించడం ఆయనకు జీవితాంతం రాలేదు. మెడ మీద మెట్లు కొట్టి, వేలు పెట్టినచోట స్వరం ఖచ్చితంగా పలికేటట్టు చేశాడు కాబట్టి దానికి ప్రెసిషన్ బేస్ అని పేరు పెట్టాడు. మరుసటి ఏడు దానికి తగిన ఆంప్లిఫయరు కూడా తెచ్చాడు. మన గుళ్లలో ఇప్పుడు కనబడే బేస్ గిటార్లు, ఏ దేశపువైనా, చాలావరకు ఆ అచ్చులోంచి దిగినవే.

ఆ ప్రెసిషన్ బేస్‌ను అందరికంటె గొప్పగా పలికించినవాడు జేమ్స్ జేమర్సన్ అని నా అభిప్రాయం. నాదే కాదు, ఈ వాయిద్యం పట్టినవారిలో సగం మందిది. 1936లో సౌత్ కరోలినాలోని ఎడిస్టో అనే దీవిలో పుట్టాడు. తర్వాత తల్లితో డెట్రాయిట్ చేరాడు. బడిలో డబుల్ బేస్ నేర్చాడు. ఆ ఊళ్లో 1959లో మొదలైన మోటౌన్ అనే రికార్డుల కంపెనీ ఒక మామూలు ఇంట్లో పాటలు ముద్రించేది. ఆ కంపెనీకి పేరు తెచ్చిన పాటల్లో చాలావాటికి అడుగున పలికినది జేమర్సన్ గిటారే. మనం సామాగ్రి గురించి మాట్లాడుతున్నాం కాబట్టి ఆయన సామాగ్రి చెబుతాను. 1962 నాటి ఒక ప్రెసిషన్ బేస్. దానికి నునుపు చుట్ట లావు తీగలు. తెగితే తప్ప ఆ తీగలు మార్చేవాడు కాదు. కుడి చేతి చూపుడు వేలు ఒక్కటే వాడేవాడు. స్టూడియోలో ఆంప్లిఫయరే ఉండేది కాదు, తీగ తిన్నగా రికార్డింగు బల్లకు పోయేది. హోటళ్లలో వాయించేటప్పుడు ఆంపెగ్ కంపెనీ వారి బి-15 అనే పెట్టె వాడేవాడు. అది ముప్పై వాట్లకు మించదు.

ఆ కాగితం మళ్లీ చూడండి, మూడు వందల వాట్లు!

ఇంత చేసినా చాలా ఏళ్లు రికార్డు అట్టల మీద ఆయన పేరు ఉండేది కాదు. పాడినవారి బొమ్మ ఉండేది. 1971లో మార్విన్ గే తెచ్చిన ఒక రికార్డు మీద గాని ఆయన పేరు అచ్చుకాలేదు. తర్వాత కంపెనీ లాస్ ఏంజెలిస్‌కు తరలిపోయింది. ఆయనా వెనకే వెళ్లాడు గాని పని తగ్గింది, తాగుడు పెరిగింది. 1983లో ఆ కంపెనీ ఇరవై అయిదేళ్ల పండుగ పెద్ద సభగా జరిగినప్పుడు, తాను వాయించిన పాటలు వేదిక మీద మోగుతుంటే, ఆయన టిక్కెట్టు కొనుక్కొని మేడమీద కూర్చున్నాడని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. అదే ఏడు ఆగస్టులో, 47 ఏళ్లకు చనిపోయాడు. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చారు.

ఇది రాస్తుండగా నాకొక సంగతి గుర్తుకొచ్చి కలం ఆగిపోయింది. పోయిన క్రిస్మస్ ఆరాధన చివర నేను గాన బృందానికి కృతజ్ఞతలు చెప్పాను. పాడిన చెల్లెళ్ల పేర్లు, కీబోర్డు, ప్యాడ్స్, డోలక్ వాయించినవారి పేర్లు చదివాను. కీబోర్డు సహోదరునికి శాలువా కప్పాము. బేస్ అబ్బాయి పేరు చదవలేదు. కావాలని కాదు, మరచిపోయాను. ఆరేళ్లు అదే వాయిద్యం మోసిన నేనే మరచిపోయాను. ఆ మూడు వందల వాట్లు ఎక్కడ నుంచి పుట్టాయో అప్పుడు కొంత అర్థమైంది.

శనివారం మధ్యాహ్నం అతన్ని పిలిచి ఇద్దరం గుడిలో కూర్చున్నాము. మాకు ఇప్పటికే వంద వాట్ల పెట్టె ఒకటి ఉన్నది. "చూడు బాబూ, చెవికి ధ్వని రెండింతలుగా తోచాలంటే వాట్లు దాదాపు పదింతలు కావాలి. వందకు బదులు మూడు వందలు తెస్తే ఒకటిన్నర ఇంతలైనా అనిపించదు" అన్నాను. నమ్మలేదు. "మరి వెనక వరుసకు ఎలా వినపడుతుందండి?" అన్నాడు. పెట్టె ఎక్కడ ఉన్నదో చూశాను. ప్లాస్టిక్ కుర్చీ మీద, కిటికీ ఎదుట. దాన్ని దించి నేల మీద, రెండు గోడలు కలిసే మూలకు ఆనించాము. కింది స్వరాలకు గోడా నేలా తోడవుతాయి. వాయించమని నేను వెనక ఆడవాళ్లు కూర్చునే చోటికి వెళ్లాను. గుండెకు తగిలింది. అబ్బాయి ముఖం చూడాలి!

దానితోపాటే పైన గలగలమని ఒక మోత. లావు తీగ మీటినప్పుడల్లా రేకులు కొట్టుకుంటున్నాయి. నట్లు వదులై రెండేళ్లయింది కదా. మా పెద్దాయన చెవులు దిబ్బెళ్లు పడినది గిటారుకు కాదు, రేకులకు. ఇక అయిదో తీగ సంగతి. అది సెకనుకు 31 సార్లే కంపిస్తుంది. మన పెట్టెల్లో ఎక్కువ వాటికి ఆ స్వరం పలకదు, కొన్నా అది ఇంట్లో ముచ్చటే.

అంతా ముగిసి ప్లగ్గు పీకబోతే చేతికి రెండే పిన్నులు తగిలాయి. పైనుండే లావు పిన్ను లేదు. "ఎక్స్‌టెన్షను పెట్టెకు రెండే రంధ్రాలండి, పట్టలేదు, కోసేశాను" అన్నాడు. నాకు ఒళ్లు చల్లబడింది.

చదువరులు ఈ మాట జాగ్రత్తగా వినాలి. ఆ మూడో పిన్ను ఎర్త్. లోపల ఏదైనా లోపం వస్తే కరెంటు ఆ దారిన భూమిలోకి పోతుంది. దాన్ని కోస్తే ఆంప్లిఫయరు ఇనుప భాగానికి వచ్చిన కరెంటు వైరు వెంట గిటారు తీగలకు వస్తుంది. తీగల మీద చెయ్యి ఉంటుంది, మైకుకు పెదవి తగులుతుంది. మధ్యలో మనిషే దారి అవుతాడు. నా పందొమ్మిదో ఏట జనరేటరు మీద నడిచిన ఒక సువార్త సభలో, వాన వెలిసిన తడి నేల మీద, నేను కోరస్ పాడబోయి మైకుకు మూతి ఆనించాను. పళ్లు గిట్ట కరచుకొన్నాయి. ఎవరో కాలితో ప్లగ్గు తన్నితే పడిపోయాను. 1972 మే నెలలో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారు వాద్యగాడు ఎర్త్ సరిగా లేని మైకు పట్టుకొని వేదిక మీదే చనిపోయాడు. 2005లో అమెరికాలోని వేకో పట్టణంలో ఒక సంఘ కాపరి, బాప్తిస్మపు తొట్టి నీళ్లలో నిలబడి మైకు అందుకోబోయి, ఆదివారం ఆరాధనలోనే చనిపోయారు. కాపరులారా, తడి చేతులతో మైకు ముట్టకండి. నీటిలో దిగితే తీగ మైకు అసలే వద్దు.

ఇక బృందంలో వాయించడం గురించి అబ్బాయికి చెప్పినది కొంచెమే. ప్యాడ్స్ వాయించేవాడి కాలిదెబ్బ విని దానితో కలిసి దిగు. కీబోర్డు ఎడమచేయి నీ స్వరాల్లోకి వస్తే వెళ్లి మర్యాదగా చెప్పు, ఇద్దరూ ఒకే గదిలో కుస్తీ పట్టవద్దు. పాత కీర్తనల దగ్గర మాత్రం వేరు. కీర్తనల పుస్తకంలో పైన రాగమూ తాళమూ అచ్చువేసి ఉంటాయి, మనం చూడం. ఆ రాగాలకు ప్రతి వరుసకూ కార్డులు మార్చితే పాట విరుగుతుంది. షడ్జమం, పంచమం పట్టుకొని తంబురాలా నిలబడితే చాలు, ముసలివాళ్లు తమంతట తామే గొంతు విప్పుతారు. ఇది నేను ఆలస్యంగా నేర్చాను.

పెద్దల కూటంలో తీర్మానం అయింది. స్త్రీల సమాజం డబ్బు రేకులకే. సంఘం ఖర్చుతో గుడి వెనక ఎర్త్ గొయ్యి, కరెంటు లీకైతే తనంతట తాను ఆగిపోయే మీట, మూడు రంధ్రాల ప్లగ్గులు. పని తెలిసిన కరెంటు మనిషిని పిలిచాము. గొయ్యి మాత్రం యౌవనస్థులే తవ్వారు, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి నీళ్లు పోశారు. బేస్ అబ్బాయి మోకాళ్లవరకు మట్టి. కూటానికి ముందే ఆదివారం ప్రకటనల వేళ క్రిస్మస్ నాటి నా పొరపాటు ఒప్పుకొని అతని పేరు చదివాను. తల దించుకొని తీగలు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

గొయ్యి పూడ్చాక చేతులు కడుక్కుంటూ అడిగాడు. "అయ్యగారూ, పోనీ తీగలైనా మార్చమంటారా? కొని నాలుగేళ్లయింది."

"తెగాయా?"

"లేదండి."

"అయితే ఉండనీ" అన్నాను.