విదేశీ అతిథికి ఖాతా ఇవ్వండి: రిజర్వ్ బ్యాంకు గవర్నరు గారికి బహిరంగ లేఖ



ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని మా భూదాన్ పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసింది. వచ్చే విదేశీయుల్లో అందరూ చీర కొని బస్సెక్కిపోరు. నూలుకు రబ్బరు పట్టీలు బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి ఆరబెట్టే పని నేర్చుకుంటూ నెలల తరబడి ఉండేవాళ్లూ ఉన్నారు. ఇంటి కిరాయి, నేర్పే నేతన్న కూలి, నూలు ఖర్చు అన్నింటికీ ఏటీఎమ్మే దిక్కు.

విదేశీ పర్యాటకులు పాస్‌పోర్టు చూపి, ఆరు నెలలకు మించకుండా ఎన్‌ఆర్‌ఓ (నాన్ రెసిడెంట్ ఆర్డినరీ) ఖాతా తెరవొచ్చని మీ నిబంధనలే చెబుతున్నాయి. సొమ్ము విదేశం నుంచి రావాలి. వడ్డీ తప్ప ఇక్కడి డబ్బు జమ కాకుంటే, మిగిలింది తిరిగి తీసుకెళ్లొచ్చు. ఎంతో మంచి నిబంధన! అలాంటి అతిథి వెంట నేనొక శాఖకు వెళ్తే, ‘ఆధార్ ఉందా?’ అని అడిగి పంపించేశారు. కౌంటర్లోని అమ్మాయిని తప్పుపట్టను, ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు.

యూపీఐ ఉంది కదా అనొచ్చు; కానీ 2023లో జీ20 వేళ విదేశీయుల కోసం మొదలైన యూపీఐ వాలెట్ దుకాణాల్లో చెల్లింపులకే. కూలి ఇవ్వడానికి ఖాతా కావాలి.

పోచంపల్లిలో, మా ఉమ్మడి జిల్లాలోనే ఉన్న మరో పర్యాటక స్థలం నాగార్జునసాగర్‌లో ఒక్కో శాఖకైనా విదేశీయులకు ఖాతా తెరిచే పని అప్పగించండి. నిబంధనను తెలుగులోనూ గోడకు అంటించమనండి. కాదన్న శాఖ కారణం రాసివ్వాలని ఆదేశించండి.

ఇట్లు,
ఒక పోచంపల్లి వాసి