బండి బాగుంది, మరి మన బతుక్కి సరిపోతుందా?



ఈసారి జీతాల సంగతి, బోనసు సంగతి పక్కన పెట్టి బండి సంగతి రాస్తున్నాం. యూనియన్‌కు బండ్లతో ఏం పని అని కొందరు అడగవచ్చు. మన జీతంలోంచి నెలనెలా పోయే ప్రతి రూపాయీ యూనియన్ సంగతే అని మా జవాబు.

2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా ఉన్న మోటారు సైకిళ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ధర దిగేసరికి మన షోలాపూర్ కుర్రాళ్ల కన్ను 'నేకెడ్' బండ్ల మీద పడింది. పేరు విని నవ్వుకోనక్కర్లేదు. ముందు అద్దం, పక్కల ప్లాస్టిక్ తొడుగు లేకుండా ఇంజను, ఫ్రేము బయటికి కనపడే బండిని అలా అంటారు. మన మహారాష్ట్రలోనే, పుణె దగ్గర చాకన్‌లో తయారయ్యే పల్సర్ ఎన్ఎస్ 200, కేటీఎం డ్యూక్ 200 ఈ జాతివే. రెండూ 2012లో మార్కెట్‌కు వచ్చాయి.

ఇలాంటి బండ్లు ఏళ్ల తరబడి నడిపిన మన సభ్యులను గేటు దగ్గర, టీ కొట్టు దగ్గర అడిగాం. మంచి చెప్పకుండా చెడు చెప్పడం న్యాయం కాదు. బ్రేకు గట్టిది, టైరు వెడల్పు, సందుల్లో చేతికి చక్కగా తిరుగుతుంది, బలానికి కొదవ లేదు. ఇది అందరూ ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరే లోట్లు చెప్పారు.

మొదటిది గాలి. స్ప్లెండర్‌కు మాత్రం అడ్డం ఉందా అంటారు. లేదు, నిజమే. కానీ స్ప్లెండర్ మీద మనం 50లో పోతాం. ఈ ఇంజను 80కి, 90కి లాగుతుంది. వేగం రెండింతలైతే గాలి తోపు నాలుగింతలవుతుంది. 40లో చల్లగా తగిలిన గాలే 80లో ఛాతీని వెనక్కి నెడుతుంది. పండక్కి ఊరికి పోయేవాళ్లు హైదరాబాద్ రోడ్డు మీద సుమారు 300 కిలోమీటర్లు ఆ తోపుకు ఎదురొడ్డి హ్యాండిల్ పట్టుకోవాలి. దిగేసరికి మెడ, భుజాలు పట్టేస్తాయని అందరూ చెప్పినమాటే.

రెండోది, అన్నిటికంటే పెద్దది, వెనక సీటు. నడిపేవాడి సీటు ఒక మెట్టు, వెనకది ఇంకో మెట్టు. చిన్నది, సన్నది, ఎత్తు. చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చునే మన ఆడవాళ్లకు అక్కడ నిలకడ ఉండదు. పిల్లను ఒళ్లో పెట్టుకోవడం మాట అటుంచండి. పైగా అందం చెడుతుందని కొందరు చీర గార్డు తీయించేస్తున్నారు. వెనక కూర్చునేవారికి చేతి పట్టు, కాలి ఆసరా, చక్రాన్ని కనీసం సగం కప్పే గార్డు ఉండి తీరాలని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వ నిబంధన చెబుతోంది. కొంగు చక్రంలో చిక్కితే ఏమవుతుందో సాంచాల మధ్య బతికిన మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తిరిగే బెల్టు దగ్గర గార్డు లేదని యాజమాన్యాన్ని నిలదీసే మనం, ఇంటి ఆడపడుచు ఎక్కే బండికి ఉన్న గార్డును మన చేతులతో తీసేస్తామా?

మూడోది వేడి, బరువు. రేడియేటర్ ఉన్న బండ్లలో ఫ్యాన్ తిరిగితే వేడిగాలి కాళ్ల మీదికి కొడుతుంది. మే నెల ఎండలో సిగ్నల్ దగ్గర అది ఎలా ఉంటుందో నడిపేవాడికే తెలుసు. ఎన్ఎస్ 200 బరువు 150 కిలోల పైన. స్ప్లెండర్ 112 కిలోలు. ఎన్ఎస్‌కు కిక్ లేదు. రాత్రి షిఫ్టు దిగాక బ్యాటరీ మొరాయిస్తే అంత బరువును తోసి స్టార్టు చేయాలి.

నాలుగోది ఖర్చు. ఎన్ఎస్‌లో ఉన్నది ఒకే సిలిండరు, దానికి మూడు ప్లగ్గులు. కూలెంటు వేరే. వెడల్పు టైరు అరిగితే ధర కూడా వెడల్పే. మనవాళ్లు చెప్పే మైలేజీ లీటరుకు 35 అటూ ఇటూ, చిన్న బండ్లకు 60 పైన. రోజుకు 30 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు వేసుకుంటే నెలకు 9 లీటర్ల పెట్రోలు ఎక్కువ. ధర మీరే కట్టుకోండి.

ఇక వాయిదాలు. 1,20,000 రూపాయల అప్పు, మూడేళ్లు, 'ఫ్లాట్' 10 శాతం అనుకుందాం. వడ్డీ 36,000, నెలకు 4,333. మనం నెలనెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొదటి మొత్తం మీదే వేస్తారు. తగ్గే బాకీ మీద లెక్క కడితే అది దాదాపు 18 శాతం. కౌంటర్లో చెప్పేది పది, కట్టేది పద్దెనిమిది.

ఇదంతా విని పెద్దవాళ్లు కొందరు "కూలోడికి ఈ సోకులెందుకు" అంటున్నారు. ఆ మాట మేము ఒప్పుకోం. పన్నెండు గంటలు సాంచ ముందు నిలబడ్డ కుర్రాడికి మంచి బండి ఎక్కే హక్కు లేదనడానికి మనమెవరం? మా అభ్యంతరం కోరిక మీద కాదు. ఆ వాయిదా కోసం డబల్ షిఫ్టు చేసి, కళ్లు మూతలు పడుతుండగా తెల్లవారుజామున అదే బండి ఎక్కడం మీద. చిన్న బండి మీద కునుకు తీసినా ప్రమాదమే. క్షణంలో 80 అందుకునే బండి మీద దిద్దుకునే వ్యవధి అంతకంటే తక్కువ.

మాకు తోచిన మాట ఇది. ఆ బండ్లు చెడ్డవి కావు. ఒక్కడి కోసం, ఖాళీ చేతులతో పోయేవాడి కోసం చేసినవి. మన రోడ్డు మీద ఇంటిల్లిపాదికీ ఒకటే బండి. ఒక సభ్యుడు చెప్పినట్టు, ఒంటరిగా ఉన్నప్పుడు ఇంతకంటే మంచి బండి లేదు, పెళ్లయ్యాక ఇంతకంటే ఇబ్బంది బండి లేదు. కంపెనీ తప్పు కంటే మన లెక్క తప్పే ఇందులో ఎక్కువ.

కాబట్టి తమ్ముళ్లూ, షోరూముకు స్నేహితుణ్ణి కాదు, వెనక కూర్చునే మనిషిని తీసుకెళ్లండి. అమ్మనో, భార్యనో చీరతోనే కూర్చోబెట్టి ఒక చుట్టు తిప్పి, ఆమె మాట వినండి. చీర గార్డు తీయించకండి. ఇద్దరికీ ముఖం నిండా ఉండే హెల్మెట్ల ఖర్చు బండి ధరలోనే కలుపుకోండి. ఓవర్‌టైము కలపకుండా, వచ్చే మామూలు జీతంతో వాయిదా తీరుతుందా అని చూసుకోండి. తీరితే సంతోషంగా కొనుక్కోండి, మేమూ వచ్చి కొబ్బరికాయ కొడతాం. అప్పు కాగితం మీద సంతకం పెట్టే ముందు మాత్రం ఒకసారి యూనియన్ ఆఫీసుకు తెచ్చి చూపించండి. కూర్చుని లైను లైనూ చదివి లెక్క కట్టి చెబుతాం.