ఆమ్లానికి క్షారం విరుగుడా?



ఆమ్లానికి క్షారం విరుగుడని పిల్లలు బడిలో చదువుకుంటారు. రెండూ కలిస్తే లవణము, నీరు ఏర్పడతాయి. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కాస్టిక్ సోడా సరిపాళ్ళలో కలిపితే చివరికి మిగిలేది ఉప్పునీరే. పాఠం నిజమే. కానీ ఆ పాఠాన్ని మనిషి గొంతులో ప్రయోగించరాదని మా గట్టి అభిప్రాయం.

బాత్రూములు కడిగే యాసిడ్ పొరపాటున తాగినవారికి కొందరు ఇంటివారు సోడా నీళ్ళో, సున్నపు తేటో పట్టించి ఆ తర్వాత ఆసుపత్రికి తెస్తారు. ప్రేమతో చేసే పనే. అయితే ఘాటైన ఆమ్లము, క్షారము కలిసేటప్పుడు వేడి పుడుతుంది. వంటసోడా అయితే గ్యాసు పొంగుతుంది. సామెతల గ్రంథం 25వ అధ్యాయంలో సురేకారం మీద చిరక పోసే మాట ఉంది కదా, ఆ పొంగే ఇది! అప్పటికే కాలిన అన్నవాహిక ఆ వేడికి, ఆ పొంగుకు తట్టుకోలేదు. ఇక ఉప్పునీళ్ళు తాగించి కక్కిస్తే, దిగేటప్పుడు కాల్చిన యాసిడ్ పైకి వచ్చేటప్పుడు మరోసారి కాలుస్తుంది.

మన కడుపులోనూ అదే ఆమ్లం ఉంది కదా అంటారు కొందరు. ఉంది. కానీ జీర్ణాశయానికి దట్టమైన జిగురు పొర కాపలా ఉంది, అన్నవాహికకు అంత కాపుదల లేదు.

యాసిడ్ అంటే భయపడేవారు కూడా సున్నమంటే భయపడరు. మాకు సున్నమంటేనే ఎక్కువ దిగులు. ఆమ్లం కండను గడ్డ కట్టిస్తుంది, ఆ గడ్డే కొంతవరకు అడ్డుగోడ అవుతుంది. క్షారం అలా ఆగదు, కొవ్వును సబ్బులా కరిగించుకుంటూ లోపలికి పోతుంది. కిళ్ళీ సున్నం ప్యాకెట్ పిల్లల చేతిలో పిగిలి కంట్లో చిమ్మితే చూపే పోవచ్చు. చనుబాలు, ఆముదం, నిమ్మరసం ఏవీ వద్దు. ఆటో కోసం పరుగెత్తే ముందు కుళాయి దగ్గరకు పరుగెత్తండి. రెప్పలు విప్పి, పలుకులు తీసివేస్తూ, కనీసం 20 నిమిషాలు ధారగా మంచినీళ్ళు పోయండి.

బ్లీచింగ్ పౌడరు, యాసిడ్ కలిపి కడిగితే బాగా తెల్లబడుతుందని కొందరి నమ్మకం. వచ్చేది క్లోరిన్ గ్యాసు. ఉబ్బసం ఉన్నవారికి అది మరీ ప్రమాదం.

యాసిడ్ దాడుల కేసులో 2013లో సుప్రీంకోర్టు, రిజిస్టరులో రాసి గుర్తింపు కార్డు చూసి మాత్రమే దుకాణాల్లో యాసిడ్ అమ్మాలని, 18 ఏళ్ళ లోపువారికి అమ్మరాదని ఆదేశించింది. మంచిదే. కానీ చట్టం దుకాణం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఇంటికొచ్చాక అదే యాసిడ్‌ను కూల్‌డ్రింక్ సీసాలో పోసి నీళ్ళ బిందె పక్కన పెడితే ఏ కోర్టు చూస్తుంది? అసలు ఇంట్లో అంత ఘాటు యాసిడ్ ఎందుకు? సబ్బుపొడి, బ్రష్షు చాలవా?

ఎవరైనా తాగితే నోరు పుక్కిలించి ఉమ్మించండి, లోపలికి ఏమీ పట్టించకండి, 108కి ఫోన్ చేయండి. ఆ సీసా కూడా వెంట తెస్తే డాక్టరుగారికి పని సులువవుతుంది.